హాల్లోకి తెరుచుకునే తలుపు

నిజామాబాద్,
మృగశిర కార్తె మర్నాడు.

అక్కకు,

కవరు చూసి భయపడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. మా అబ్బాయి శ్రావణ్‌కు పెళ్లయిన దగ్గరి నుంచి కోడలు కావ్య ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం చేస్తున్నది కదా. నేను ఫోన్ ఎత్తితే ప్రతి మాటా ఆమెకు వినపడుతుంది. డాబా మీదికి పోదామంటే అక్కడ ఇంటి ఓనరు శ్యామలమ్మ బట్టలు ఆరేస్తూ చెవి ఇటే పెడుతుంది. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. కాగితం మీదైనా ఎలా పెట్టాలో తెలియక పొద్దున్నుంచి బీడీలు చుడుతూ ఆలోచించాను. ఎన్ని బీడీలకు దారం సరిగా పడలేదో బీడీల లెక్క చూసే ముంషీకే తెలియాలి.

సరే, రాసేస్తున్నాను. నాకు విరేచనం కావడం లేదు. ఈ ఇంట్లోకి మారినప్పటి నుంచి ఇదే బాధ. మొదట్లో రోజు విడిచి రోజు అన్నట్టు ఉండేది, ఇప్పుడు వారానికి ఒకసారి అయితే పండగ. పోయిన నెల నుంచి రక్తం పడుతున్నది. కోడలొచ్చిన ఇంట్లో పెద్దదాన్ని, ఇట్లాంటిది రాస్తుంటే చెవులు కాలిపోతున్నాయి.

మన చిన్నమ్మ ఈరవ్వ నీకు గుర్తుంది కదా. ఆమె కూడా రక్తం సంగతి దాచి దాచి, కడుపులో గడ్డ అని బయటపడేసరికి చెయ్యి దాటిపోయింది. నాకూ అదేనేమో అని భయం. తిండి తగ్గించాను. తినకపోతే పోయే అవసరమే ఉండదు కదా.

కావ్యకు చెప్పమని నువ్వు అంటావు. ఎలా చెప్పను? మంచి పిల్లే, ఎదురు మాట్లాడదు. కానీ ఆదివారం వస్తే చాలు, ఇందల్వాయిలో తల్లి దగ్గరికి పరుగెత్తుతుంది. పొద్దున మొదటి బస్సుకు పోయి చీకటి పడ్డాక వస్తుంది. వారమంతా నా ముఖం చూడలేక విసిగిపోతుందేమో. అలాంటి పిల్లతో ఈ మాట ఏమని మొదలుపెట్టాలి?

బావకు కూడా చెప్పకు. నా మీద ఒట్టు.

నీ చెల్లె,
సుమలత


ఎడపల్లి,
జూన్ మూడో వారం.

సుమా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత నీ మీద కోపం వచ్చింది. ఆ కోపంలోనే రాస్తున్నాను కనుక తిట్లు ఎక్కువ ఉంటాయి, సర్దుకో.

తిండి మానేస్తే పోయే అవసరం ఉండదా? ఏడో తరగతిలో నీకు మొదటి ర్యాంకు ఇచ్చిన సారును పిలిచి ఈ వాక్యం చూపించాలి. రక్తం పడుతుంటే డాక్టరు దగ్గరికి పోవాలి. అది మొలలే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, చూస్తేనే కదా తెలిసేది. ఈరవ్వ పోయింది రోగంతో కాదు, సిగ్గుతో. నువ్వు చిన్నదానివి, నీకు తెలియదు, నేను దగ్గరుండి చూశాను.

మీ బావకు షుగర్ వచ్చిందని బోధన్ తీసుకుపోతున్నాను కదా. అక్కడి డాక్టరమ్మ ప్రతిసారీ పీచు, పీచు అని ఒకటే పాట. మీ బావ మొదట కొబ్బరి పీచు అనుకుని బిక్కముఖం వేశాడు. ఆమె ఓపిగ్గా చెప్పింది. మనం చెరకు నమిలి రసం మింగి పిప్పి ఊసేస్తాం కదా, అన్ని తిండ్లనూ అలాగే చేస్తున్నామట. వడ్లను తెల్లగా పాలిష్ పట్టి తవుడు గొడ్లకు వేస్తాం, గోధుమపిండి జల్లించి పొట్టు పారేస్తాం, పండు తొక్క తీసేస్తాం. పేగులకు పని చేసిపెట్టేది ఆ పారేసిందేనట. అది మనకు అరగదు. అరగకపోవడమే దాని గొప్ప.

అందులో రెండు రకాలు. ఒకటి నీళ్లలో కరిగి జిగురవుతుంది. మెంతులు నానబెడితే చూడు, ఇసబ్‌గోల్ పొట్టు చూడు, అదీ సంగతి. చిక్కుడు గింజలు, జామపండు, ఓట్స్ కూడా ఆ జాతే. తిన్న చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఉరకకుండా అది పట్టి ఉంచుతుంది, కొవ్వును కూడా కొంత దించుతుంది. పేగుల్లో ఉండే మంచి క్రిములకు అదే మేత. రెండోది కరగదు. జొన్నలు, పొట్టు తీయని గోధుమలు, ఆకుకూరలు, తొక్కలు. అది లోపల ఉన్నదాన్ని ముందుకు నెడుతుంది. రెండూ కావాలి, నెమ్మదిగా పెంచాలి. మీ బావ ఒక్కరోజే ఉత్సాహంగా తిని రెండు రోజులు కడుపుబ్బరంతో వాకిట్లో తిరిగాడు, ఆ కథ కలిసినప్పుడు చెప్తాను.

అవ్వ ఉన్నన్నాళ్లు మనం జొన్నరొట్టె మీదే పెరిగాం. ఇప్పుడు రేషన్‌లో కూడా సన్నబియ్యమే, జొన్నరొట్టె అంటే లేనివాళ్ల తిండి అయిపోయింది. నీ కోడలు వండేది తెల్లన్నం, ఆలుగడ్డ వేపుడే అయి ఉంటుంది, ఈ కాలం పిల్లలకు అంతకన్నా ఏం వచ్చు. మీ బావ అక్కడి పసుపు మార్కెట్ యార్డుకు వస్తున్నాడు, సంచిలో జొన్నపిండి, ఇసబ్‌గోల్ డబ్బా పంపుతున్నాను. ఆయనకు ఏమీ చెప్పలేదు, చుట్టరికపు సంచి అనుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికి మాత్రం పో.

రాధాబాయి


నిజామాబాద్,
బోనాల నెల.

అక్కకు,

సంచి అందింది. బావ కూర్చుని చాయ్ తాగి, నేను చిక్కిపోయానని రెండుసార్లు అన్నాడు. ఎండల వల్ల అని చెప్పాను.

రోజూ రెండు పూటలా రొట్టె చేసుకుంటున్నాను. ఇసబ్‌గోల్ కూడా పొద్దున, సాయంత్రం వేసుకుంటున్నాను. నీకు చెప్పకూడదు కానీ, ఇంకా ఎక్కువైంది. కడుపు రాయిలా ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుంటే నొప్పి. పిండి మంచిదే, నీ సలహా కూడా మంచిదే అయి ఉంటుంది, నా శరీరమే అన్నిటికీ అడ్డం తిరిగింది.

ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. నేను వేరుగా రొట్టె చేసుకుంటుంటే కావ్య రెండు రోజులు చూసి, మూడో రోజు వంటింటి గడప దగ్గర నిలబడి అడిగింది. "నా చేతి వంట మీకు పడ్తలేదా అత్తమ్మ?" అన్నది. నేను ఒక్కపొద్దు ఉంటున్నానని చెప్పాను. ఏ దేవుడికి అని అడగలేదు, అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. దేవుడి పేరు పెట్టి అబద్ధమాడాను. సాయంత్రం శ్రావణ్ వచ్చాక గదిలో ఆమె ఏడ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాడు కంచంలో అన్నం కెలికి లేచిపోయాడు.

ఒక్క మాట చెబితే తీరిపోయే గొడవ, ఆ ఒక్క మాటే నోట రావడం లేదు. డాక్టరు దగ్గరికి పోవాలంటే శ్రావణ్‌కు చెప్పాలి. కొడుకుకు ఏమని చెప్పను? మా దగ్గరి దవాఖానలో డాక్టర్లందరూ మగవాళ్లే.

నీళ్లు బాగానే తాగుతున్నాను. అడుగుతావని ముందే రాస్తున్నాను.

సుమలత


ఎడపల్లి,
మర్నాటి టపాకే.

సుమా,

నేను అడగకముందే నీళ్ల సంగతి ఎందుకు రాశావు? చిన్నప్పుడు కూడా ఇంతే. బెల్లం డబ్బా జోలికి పోలేదని నువ్వు చెప్పిన తర్వాతే అవ్వ డబ్బా తీసి చూసేది.

బోధన్ డాక్టరమ్మను అడిగాను. నీ పేరు చెప్పలేదు, మా పక్కింటామెకు అన్నాను. ఆమె మొట్టమొదట అడిగింది నీళ్ల గురించే. పీచుకు నీళ్లు చాలకపోతే అది మెత్తబడదు, లోపలే గట్టిపడి కూర్చుంటుందట. ఇసబ్‌గోల్ నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలట, ఆ తర్వాత కూడా తాగుతూ ఉండాలట. పొడిగా మింగితే ప్రమాదమట. గొంతులో, పేగుల్లో అడ్డం పడుతుందట. ఈ ముక్క నీకు మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. ఎవరైనా నీళ్లు తాగకుండా ఉంటారని నాకు తట్టనేలేదు. అది తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

బీడీలకు తునికాకు తడపకుండా చుడితే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. నిజం చెప్పు. రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నావు? ఇసబ్‌గోల్ ఎలా వేసుకుంటున్నావు? నిజం రాయకపోతే వచ్చే బస్సుకు నేనే దిగుతాను, దిగి మీ డాబా మీద శ్యామలమ్మ పక్కన నిలబడి అడుగుతాను.

రాధ


నిజామాబాద్.

అక్కా,

రావద్దు. రాస్తున్నాను.

నీళ్లు తాగడం లేదు. పొద్దున చాయ్, అన్నంలోకి కాస్త చారు, అంతే. ఇసబ్‌గోల్ చెంచాతో నోట్లో వేసుకుని ఒక్క గుక్కతో దించుతున్నాను. తాగితే లేవాల్సి వస్తుంది. లేస్తే ఆ గదికి పోవాల్సి వస్తుంది.

పాత ఇంట్లో పాయిఖానా పెరట్లో ఒక మూలకు ఉండేది. ఎవరు పోయారో, ఎంతసేపున్నారో ఎవరికీ పట్టేది కాదు. ఈ ఇంట్లో దాని తలుపు సరిగ్గా హాల్లోకి తెరుచుకుంటుంది. ఎవరు కట్టారో గానీ, కట్టినవాడికి ఇంట్లో ఆడవాళ్లు లేరేమో. ఆ తలుపుకు ఎదురుగా కావ్య బల్ల. ఇంటర్నెట్టు అక్కడే బాగా వస్తుందట. నేను తలుపు పక్కన కిటికీ కింద చాట ముందర పెట్టుకుని కూర్చుంటాను, ఆకు కత్తిరించడానికి వెలుతురు అక్కడే ఉంది.

ఆ కంప్యూటర్లోంచి పొద్దంతా మగవాళ్ల గొంతులు వస్తుంటాయి. మొదట్లో వాళ్లకు నేను కనపడతానేమో అనుకుని కొంగు నిండా కప్పుకుని, తల వంచుకుని పోయేదాన్ని. ఒకసారి నమస్తే కూడా పెట్టాను. కావ్య ముఖం తప్ప ఏదీ కనపడదని తర్వాత శ్రావణ్ చెప్పాడు. కనపడకపోతేనేం, వినపడుతుంది కదా. ఆ గదిలో చెంబు కదిపినా హాల్లో మోగుతుంది. ఒకరోజు నేను లోపల ఉండగా కంప్యూటర్లో ఎవరో పెద్దగా నవ్వారు. నా గురించి కాదని తెలుసు. తెలిసినా ఆ రోజు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక కావ్య నా వైపు చూడకుండా తల తిప్పుకుంది. అసహ్యం వేసి ఉంటుంది. ఆ రోజు నుంచి పగలు నీళ్లు మానేశాను.

ఆ పిల్ల కుర్చీలోంచి కదలనే కదలదు. ఆమె పని అయ్యేసరికి శ్రావణ్ వచ్చేస్తాడు. నాకు ఆ తలుపు దొరికేది, వాడు కూడా బయటికి పోయే ఒక్క ఆదివారమే.

రక్తం ఎక్కువైంది. నిన్న చుడుతుంటే కళ్లు తిరిగి ఆకులన్నీ కింద పోశాను. ఈరవ్వ రోగమే అయితే నాతోనే పోతుంది. ఆమెకు చీరలు మార్చేటప్పుడు అందరూ చూశారే, అలా నన్ను ఎవరూ చూడకుండా పోతే చాలు. ఒట్టు గుర్తుంది కదా.

సుమ


ఎడపల్లి,
సోమవారం.

సుమా,

ఒట్టు తప్పాను. నిన్న ఆదివారం కావ్య ఇందల్వాయిలో ఉంటుందని తెలిసి, అక్కడికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. రక్తం, ఇసబ్‌గోల్, ఆ తలుపు, అన్నీ. నీ సిగ్గు ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా అని ఆలోచించాను. ఎక్కువసేపు ఆలోచించలేదు.

అంతా విన్నాక ఆ పిల్ల ఒక మాట అన్నది. అది నేను రాయను, ఆమె నీకు చెప్పుకోవాల్సిన మాట. నీ కోడలి గురించి నేను రాసిన వాక్యం ఒకటి ఉంది, తెల్లన్నం, ఆలుగడ్డ వేపుడు అని. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సరిగా మాట్లాడి కూడా ఎరగని పిల్లను అంత తేలిగ్గా అనేశాను.

నా మీద కోపం ఉంటే ఉండనీ. బతికుండి కోప్పడు.

రాధాబాయి


నిజామాబాద్,
రాఖీ పున్నమి దాటాక.

అక్కకు,

నీ ఉత్తరం నాకు బుధవారం అందింది. కావ్య సోమవారమే నన్ను ఆటో ఎక్కించింది.

పొద్దున శ్రావణ్ పోగానే ఆమె కంప్యూటర్ మూసింది. పని రోజు అది మూయడం నేనెప్పుడూ చూడలేదు. "చీర మార్చుకోండ్రి అత్తమ్మ, దవాఖానకు పోదాం" అన్నది. ఎందుకని నేను అడగలేదు. ఆమె ముఖం చూస్తే నువ్వు చెప్పేశావని అర్థమైంది. నీ మీద వచ్చిన కోపం ఆటో బస్టాండు దాటేదాకా ఉంది. అక్కడి నుంచి భయం ఒక్కటే.

డాక్టరు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. బల్లకు ఇవతల మేమిద్దరం కూర్చున్నాం. ఎవరికి బాగాలేదని అడిగాడు. కింద టైల్స్ మీద ఒక పగులు ఉంది, దాన్నే చూస్తున్నాను. కావ్య చెప్పింది.

"ఇద్దరికి సార్."

నా సిగ్గు కాపాడటానికి అలా అన్నదనుకున్నాను. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. నా సంగతి అంతా ఆమే చెప్పింది, ఒక్క మాట కూడా తడబడకుండా. తర్వాత డాక్టరు ఆమెను అడిగాడు, నీకెప్పటి నుంచమ్మా అని. "పెండ్లయినప్పటి సంది" అన్నది. పగలు నీళ్లు తాగనని కూడా చెప్పింది. వయసు పిల్లవు, నీళ్లు తాగడానికేం అడ్డమని అడిగాడు. ఆమె నా వైపు చూసి తల దించుకుంది. ఆయన మళ్లీ అడిగాడు. అప్పుడు చెప్పింది, చాలా చిన్న గొంతుతో.

"బాత్రూం తలుపు పక్కకే మా అత్తమ్మ కూసుంటది సార్. పొద్దంత."

అక్కా, ఆ గదిలో నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. నవ్వలేదు, నవ్వి ఉంటే నయమయ్యేది.

పరీక్షలన్నీ చేశారు. ఒక నర్సమ్మ పక్కన నిలబడింది, కావ్య తెర అవతల నిలబడింది. గొట్టం పెట్టి పేగు చూసే పరీక్ష కూడా అన్నారు, దానికి ఇంకో రోజు పోయాం. గడ్డ లేదు. మొలలు, లోపల చీలిక. నీళ్లు లేక, పొడి ఇసబ్‌గోల్ వల్ల అంతా గట్టిపడి కూర్చుందట. ఇంకొన్నాళ్లు ఆలస్యం చేస్తే పేగు మూసుకుపోయేదని కాస్త గట్టిగానే చెప్పాడు. రక్తం కూడా తక్కువుంది, దానికి గోలీలు ఇచ్చాడు. కావ్యకు ఇంకా మొలలు రాలేదు, దారిలోనే ఉన్నాయన్నాడు. ఈరవ్వ రోగం కాదని తెలిసిన రోజు సంతోషపడాలి కదా. నేను పడలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, ఆదివారం ఆదివారం ఇందల్వాయి అందుకేనా అని. తల ఊపింది. తల్లిగారింట్లో పాయిఖానా వెనక, పసుపు ఉడకబెట్టే కొట్టం దాటాక ఉంటుందట. వారమంతా ఓర్చుకుని అక్కడికి పోయేదట. ఆ పిల్లకు నా ముఖం గిట్టదని నీకు రాశాను. ఏడుస్తుంటే వంట సంగతే అనుకున్నాను. ఆ రోజు ఆమె తల తిప్పుకుంది అసహ్యంతో కాదట, నేను సిగ్గుపడతానని. నేను ఎప్పుడు లేస్తానా అని ఆ కుర్చీలోంచి ఆమె చూసేదట. ఆమె ఎప్పుడు లేస్తుందా అని నేను చాట ముందు నుంచి చూసేదాన్ని.

నాకు ఎంతసేపూ నా చప్పుడు ఎవరికి వినపడుతుందోనన్న గోలే. పెళ్లై వచ్చిన పిల్ల, కొత్త ఇల్లు, ఎవరిని అడుగుతుంది? పెద్దదాన్ని నేను అడగాలి. బిడ్డా, నీకు ఇక్కడ వీలుగా ఉందా అని ఒక్కసారి అడగాలి. తిన్నావా అని రోజూ అడిగాను, ఇది అడగలేదు. నేను సిగ్గుపడాల్సింది దీనికి. ఇన్నాళ్లు ఇంకోదానికి సిగ్గుపడ్డాను.

ఇంటికి రాగానే చాట, ఆకుల గోనె, దారం అన్నీ తీసి పడకగదిలో పెట్టుకున్నాను. వెలుతురు తక్కువే, లైటు వేసుకుంటే సరి. కావ్య వద్దన్నది. నేను వినలేదు. ఇద్దరం నిండు గ్లాసుల్లో ఇసబ్‌గోల్ కలుపుకుని, ముక్కు మూసుకుని తాగాం. మధ్యాహ్నం రొట్టెలు తనే చేసింది. ఒకటి ఇరిగింది, ఒకటి మాడింది, జొన్నపిండికి వేడినీళ్లు పోయాలని ఆమెకు తెలియదు. రెండూ తిన్నాను.

తర్వాత నేను పడకగదిలో కూర్చుని చుడుతున్నాను. కాసేపటికి హాల్లో కుర్చీ జరిగింది. ఆ తలుపు గడియ పడింది. పగటిపూట కావ్య ఆ గడియ వేసిన చప్పుడు ఈ ఇంట్లో నేను వినడం అదే మొదటిసారి అక్కా. ఇన్నాళ్లూ అది వినపడలేదని కూడా నేను గమనించలేదు.

నీ చెల్లె,
సుమలత